పాత పోస్టాఫీసు మేడమీద నాలుగు కాగితాలు

పోయినసారి నేనిక్కడ పెట్టిన రాత కింద మా మనవరాలు శైలజ “అమ్మమ్మ ఆ రోజుల్లోనే ధైర్యంగా సాక్ష్యం చెప్పింది” అని రాసింది. తప్పు. నేను ధైర్యంతో వెళ్లలేదు. నా చేతిరాత బాగుంటుందని ఊళ్లోవాళ్లు తోడు పంపితే వెళ్లాను. దువ్వాడలో లా చదువుతున్న పిల్ల ఇంత తేడా గమనించాలి.

ఎనభైల మధ్యలో సంగతి. పద్మనాభం దాటాక మా ఊరు. అక్కడ మస్తాన్ దూదేకి పరుపులు కుట్టేవాడు. ఎవరో పుట్టించిన పుకారు పట్టుకుని, ఒక మధ్యాహ్నం వాడి కొట్టు తగలబెట్టారు. పట్నంలో మైనారిటీ వకీళ్ల సంఘం ఒకటుందనీ, ఇలాంటివాళ్ల కేసులు ఫీజు లేకుండా చూస్తారనీ తెలిసింది. రెండు రోజుల్లో వాయిదా. కాగితాలు సరిగ్గా లేకపోతే కేసు మూసేస్తారు. కేసు మూస్తే మస్తాన్ ఊరు విడిచి పోవాల్సిందే.

నేను బళ్లో టీచర్ని. మస్తాన్‌నీ, వాడి భార్య మీరాబీనీ, పక్కింటి అప్పలమ్మనీ కూర్చోబెట్టి, జరిగింది నేనే చెబుతూ వాళ్లచేత రాయించాను. అప్పలమ్మ అక్షరాలు కూడబలుక్కుని పూర్తి చేసేసరికి దీపాలు పెట్టే వేళయింది. నాది నేను రాసుకున్నాను. నాలుగు కాగితాలూ ముత్యాల్లా ఉన్నాయని గర్వపడ్డాను కూడా.

మర్నాడు పొద్దున్న ఆరున్నర బస్సులో మస్తానూ నేనూ బయల్దేరాం. ఆనందపురం మీదుగా రెండు గంటలు. బస్టాండులో దిగి, సిటీ బస్సెక్కి పాత పోస్టాఫీసు అని పిలిచే పేటలో దిగితే తొమ్మిదిన్నర. ఓడరేవు వైపు నుంచి సైరన్ మోగుతోంది. ఎటు తిరిగినా ఒకేలాంటి సందు. రిక్షా ఎక్కి, అతన్ని సంఘం ఎక్కడని అడిగాను.

“వకీళ్ల సంగమా? ఏటమ్మా, బూమి తగువా?”

“కాదు బాబూ, పరుపుల కొట్టు.”

“పరుపులకి వకీలెందుకమ్మా? మార్కెట్టుకి ఎల్లండి, సవగ్గా దొరుకుతాయి.”

నేను వివరించేలోగా మార్కెట్టు వైపు తొక్కేశాడు. అక్కడి దాకా పోయి మళ్లీ వెనక్కి వచ్చాం. సంఘం అంటే అత్తరు కొట్టు మేడమీద ఒక గది. నేల మీద కూర్చుని సూదీ దారంతో ఫైళ్లు కుడుతున్న పెద్దాయన్ని గుమాస్తా అనుకుని, “వకీలుగారు ఎప్పుడొస్తారు?” అన్నాను.

“వచ్చి గంటయింది,” అన్నాడాయన. ఆయనే రహీం గారు.

నాలుగు కాగితాలూ పక్కపక్కన పరిచి చదివాడు. మెచ్చుకుంటాడని చూస్తున్నాను.

“మస్తాన్, ‘అగ్నిజ్వాలలు ఆకాశమంత ఎగసినవి’ అని రాశావు. నువ్వు చూశావా?”

“టీచరమ్మ సెప్పారండి.”

“నువ్వు చూసిందేటో చెప్పు.”

“మద్దేళ కునుకు తీస్తన్నాను. దూది అంటుకుంటే సప్పుడుండదండి. వాసనొచ్చింది. మీరాబీ లెగమంది.”

రహీం గారు నా వైపు తిరిగాడు. “టీచరుగారూ, నలుగురు సాక్షులు ఒకే మాట ఒకే చోట రాస్తే, అవతలి వకీలు వీటినే చూపించి కేసు కొట్టేయిస్తాడు. సరే. ‘గుర్తు తెలియని వ్యక్తులు’ అని ఉంది. ఆ ఊళ్లో ఎన్నేళ్లుగా పాఠాలు చెబుతున్నారు?”

“పద్దెనిమిదేళ్లు.”

“మీకు గుర్తు తెలియని కుర్రాడు ఆ ఊళ్లో ఉన్నాడా?”

ఆ మధ్యాహ్నం కిరోసిన్ డబ్బాతో వెళ్తున్న సూరిబాబుని నేను బడి వరండాలోంచి చూశాను. చేతిరాతకి నేనే పెన్ను బహుమతి ఇచ్చిన సూరిబాబు. మరి ఆ ముక్క ఎందుకు రాయించాను? భయమా, వాడి మీద మమకారమా, పేపర్లలో చదివి చదివి పట్టుబడిన అలవాటా? ఆ రోజు తెలియలేదు. ఇన్నేళ్లుగా తిరగేసి మరగేసి చూసినా తేలలేదు.

“ఆడి పేరు నాకూ తెల్సు టీచరమ్మా,” అన్నాడు మస్తాన్, నా ముఖం చూడకుండా. “మీరు సెప్పనేదని నాను రాయనేదు.”

రహీం గారు వాణ్ని మెట్ల మీద, నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టాడు. కాపీ కొట్టే పిల్లల్ని విడదీసినట్టు. ఆ పని నేను చేసేదాన్ని. పేరుతో సహా రాశాను. మిగతా ఇద్దర్నీ ఊళ్లో ఎవరి ఇంట్లో వాళ్లనే అడుగుతానని ఆయన సాయంత్రం బస్సుకి మాతోనే వచ్చాడు.

కేసు ఏళ్ల తరబడి నడిచింది. సూరిబాబు జైలుకి వెళ్లొచ్చాడు. మస్తాన్ ఊళ్లోనే ఉన్నాడు, నా పరుపు వాడు కుట్టిందే. సూరిబాబు ఇప్పటికీ ఎదురుపడితే ఆగి “నమస్కారం టీచర్” అంటాడు. అది క్షమాపణో, దెప్పిపొడుపో నాకు అర్థం కాదు. నేనూ నమస్కారమే పెడతాను.

ఇలాంటి పని మీద వెళ్లేవాళ్లకి ఒక్క మాట: ఒకరితో ఒకరు చెప్పుకోక ముందే ఎవరిది వాళ్లు రాసుకోండి. టీచర్లని దూరంగా ఉంచండి.

శైలజా, సంఘంవాళ్లు పాత కాగితాలు దాచుతున్నారట. బీరువా కింది అరలో, ఇస్త్రీ చీరల అడుగున ఆ మొదటి నాలుగూ ఉన్నాయి. ఆదివారం వచ్చి తీసుకో, జిరాక్సు తీయించి నాకొకటి ఉంచు, అసలువి పాత పోస్టాఫీసు మేడమీద ఇచ్చిరా. దారిలో చదువుకో. నా కాగితంలో ‘గుర్తు తెలియని’ అన్నచోట నీకు కొట్టివేత పెట్టాలనిపిస్తుంది. పెట్టకు.