ఖాళీ డ్రైవ్‌లో మా ఆయన పాట

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఇప్పటికీ లేదు. మేం చర్చికి వెళ్లేవాళ్లం. చనిపోయినవాళ్లు దేవుడి దగ్గర ఉంటారు తప్ప మనుషుల మధ్య తిరగరని మా అత్త గట్టిగా చెప్పేది, నేనూ అంతే గట్టిగా నమ్మాను. నా కళ్లతో చూసింది, చెవులతో విన్నది మాత్రమే చెబుతున్నాను. నాకు రాయడం సరిగా రాదు, మా అక్క కూతురు రాస్తోంది.

మా ఆయనకు మేడ్చల్‌లో రోడ్డు మీద ఫోటో స్టూడియో ఉండేది. అత్వెల్లి, రావల్‌కోల్ పెళ్లిళ్లకు ఆయనే వెళ్లేవాడు. రీళ్ల కెమెరాలు పోయి డిజిటల్‌వి వచ్చాక ఒక కంప్యూటర్ కొన్నాడు. అందులో మూడు డ్రైవ్‌లు. నాకు ఇంగ్లీషు అక్షరాలు రావని వేలు పెట్టి చూపించేవాడు. మొదటిది మిషనుది, నడిమిది గిరాకీలది, చివరిది మనది.

శనివారం షట్టర్ దించే ముందు నడిమి దాన్ని మాత్రం సీడీల్లోకి ఎక్కించేవాడు. మనది ఎప్పుడూ ఎక్కించలేదు. మన ఇంట్లోదే కదా, ఎక్కడికి పోతుంది అనేవాడు. చర్చిలో తను పాడే పాట ఒకటి దుకాణంలోనే మైకు పెట్టి రికార్డు చేసి అందులోనే దాచుకున్నాడు.

కామెర్లతో పోయాడు. అప్పుడు నేను కడుపుతో ఉన్నాను.

తర్వాత మా మరిది ప్రభాకర్, నేను కలిసి దుకాణం నడిపాం. మాలో ఏడాది తిరిగాక జ్ఞాపకార్థ కూడిక పెడతారు. పోయిన మనిషికి ఇష్టమైన పాట అందరూ పాడతారు. ఆ రోజు ఆయన గొంతే వినిపించాలని నా కోరిక. పాపకు నాయిన గొంతు ఎలా ఉంటుందో తెలియదు కదా.

కూడిక దగ్గర పడింది. కంప్యూటర్ లోపల గోళ్లతో గీరుతున్నట్టు చప్పుడు మొదలైంది. మచ్చ బొల్లారం నుంచి శేఖర్ అనే మెకానిక్ వచ్చాడు. మూత విప్పి, చెవి దగ్గరగా పెట్టి విన్నాడు.

“హార్డ్ డిస్క్ ఖతమైతాంది అక్కా. కొత్తది పెట్టాలె. ముందుగాల ముఖ్యమైనయి కాపీ తీస్కుందాం. గిది ఎంతసేపు నడుస్తదో నాకే తెల్వదు.”

తెర మీద మూడు డ్రైవ్‌ల పేర్లు వచ్చాయి. ఒక్కోదాని పక్కన చిన్న గడి. కాపీ తీయాల్సినదాని గడిలో టిక్ పెట్టాలట.

“చివరిది గూడ పెట్టు తమ్మీ. మా ఆయన పాట దాంట్లనే ఉంది,” అన్నాను.

టిక్ పెట్టి, ఆ డ్రైవ్ తెరిచి చూపించాడు. తెర తెల్లగా ఉంది. ఏమీ లేదు.

“ఏ దుకాణంల జూసినా చివరి దాంట్ల సిన్మాలే ఉంటయి. నీ దాంట్ల గవి గూడ లేవు,” అని నవ్వాడు.

నేను ప్రభాకర్ వైపు చూశాను.

“నా దిక్కు జూస్తవేంది వదినె? నేను ముట్టలే. పిల్ల మీద ఒట్టు.”

“ఖాళీదాని కోసం సతాయిస్తే డిస్క్ మధ్యలనే ఆగుతదక్కా,” అన్నాడు శేఖర్. “గిరాకీల ఫోటోలు పోతయి. ఇగ నీ ఇష్టం.”

ఇంకా ఆల్బమ్‌లు తీసుకోని పెళ్లివాళ్లు ఎంతోమంది ఉన్నారు. మళ్లీ పెళ్లి చేసుకోండని ఎవరికి చెప్పగలను? గుండె రాయి చేసుకుని, “ఇడిసిపెట్టు తమ్మీ,” అన్నాను.

శేఖర్ టిక్ తీశాడు. అది మళ్లీ వచ్చింది. తీశాడు. మళ్లీ వచ్చింది.

“మౌస్ ఖరాబైంది,” అని ప్రభాకర్ వేరే మౌస్ తెచ్చాడు. దాంతోనూ అంతే. శేఖర్ ఈసారి టిక్ తీసి, మౌస్ తీగ వెనక నుంచి లాగేసి, చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. ముగ్గురం తెరనే చూస్తున్నాం. బయట ఎండ కాస్తోంది, రోడ్డు మీద లారీలు పోతున్నాయి. ఆ గడిలో టిక్ మెల్లగా వచ్చి కూర్చుంది.

ఆఖరికి నేనే అన్నాను. “ఉండనియ్యి.”

ఫోటోలన్నీ ఎక్కాయి. తర్వాత చివరి సీడీ పెట్టాడు. ఖాళీ డ్రైవ్ నుంచి ఏం వస్తోందో గానీ, చాలాసేపు తిరిగింది. అది బయటికి వచ్చాక పాత డిస్క్ చప్పుడు ఆగిపోయింది. మళ్లీ తిరగలేదు. కొత్తది బిగించి ఆ సీడీ తెరిస్తే అందులో ఒకటే పాట ఉంది.

“నేను కాపీ తీసింది ఖాళీదే గదక్కా,” అన్నాడు శేఖర్. ఛాయ్ కూడా తాగకుండా వెళ్లిపోయాడు. వినడానికి నాకు ధైర్యం చాలలేదు. పాపతో కలిసి కూడికలోనే వింటానన్నాను.

కూడిక రోజు పాప నా ఒళ్లో ఉంది. స్పీకర్‌లో ఆయన గొంతు రాగానే అది కదలకుండా వింది. జనం కూడా గొంతు కలిపారు. మొదటి చరణం అయింది. రెండోది అయింది. ఇక ఆగిపోతుందని నేను కళ్లు మూసుకున్నాను. ఎందుకంటే రికార్డు చేసిన రోజు నేను పక్కనే ఉన్నాను. రెండో చరణం అవగానే పాస్‌పోర్ట్ ఫోటోకు ఎవరో వచ్చారు. మిగతాది రేపు పాడతానని లేచాడు. మర్నాడు వాంతులతో ఆసుపత్రిలో పడుకున్నాడు. మళ్లీ దుకాణం గడప తొక్కలేదు.

మూడో చరణం మొదలైంది. అదే గొంతు. ఎక్కడా తడబాటు లేదు. చివరి మాట దాకా పాడాడు.

“మంచిగ పాడిండమ్మా మీ ఆయన,” అని పాస్టరుగారు నా తల మీద చెయ్యి పెట్టారు.

చెరిగిపోయిన పాటలు ఒక్కోసారి తిరిగి దొరుకుతాయని తర్వాత ఎవరో చెప్పారు. కావచ్చు. పాడని చరణం ఎలా దొరికిందో ఎవరూ చెప్పలేకపోయారు, నేనూ చెప్పలేను. పాప మాత్రం ఆ పాటను మూడు చరణాలతోనే నేర్చుకుంది.