మెట్ల వెడల్పు

మొఘల్‌పురాలో మేము కింది వాటాలో అద్దెకుండేవాళ్లం. పైవాటాలో ప్రెస్సులో అచ్చు అక్షరాలు పేర్చే ఒక కంపోజిటర్, అతని భార్య, పక్షవాతంతో మంచం పట్టిన అతని తండ్రి. ఇళ్లు ఎలా కట్టాలో చెప్పే నియమాలను సవరించే ప్రభుత్వ కమిటీ దగ్గర నేను డ్రాఫ్ట్స్‌మన్‌ని. వాళ్లు ఏది తీర్మానిస్తే దానికి బొమ్మ గీయడం నా పని.

ఒకరోజు పొద్దున పెద్దాయనకు ఊపిరాడలేదు. మంచంతో సహా దించబోతే మెట్ల మలుపులో అది తిరగలేదు. కుర్చీలో కూర్చోబెట్టి దించాం.

"అన్నా, జర పైకెత్తు! బాపు కాలు గోడకు గీస్కపోతున్నది," అని కంపోజిటర్ మొత్తుకున్నాడు.

కిందికి వచ్చేసరికి ముసలాయన మడమ నుంచి రక్తం కారుతోంది. ఆస్పత్రి నుంచి బతికే వచ్చాడు. మళ్లీ అవే మెట్ల మీదుగా పైకి మోశాం.

ఆ సంగతి మా ఆఫీసరుకు చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, ఇళ్లలో మెట్ల వెడల్పు మూడడుగులకు తగ్గకూడదని ముసాయిదాలో చేర్పించాడు. ఎంతో ఇష్టంగా బొమ్మ గీశాను.

ముసాయిదా మీద జనం అభ్యంతరాలు వినే రోజున ఉప్పుగూడ నుంచి ఒక రైల్వే కూలీ వచ్చాడు.

"సార్, మాది గింతంత జాగ. మెట్లకే గంత పోతే పిల్లలు యాడ పండాలె?" అన్నాడు.

అతని మాటా నిజమే. ఆఫీసరు నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను.

ఆ తర్వాత ఏళ్ల తరబడి మీటింగులు వాయిదా పడుతూ పోయాయి. ఆఫీసరు బదిలీ అయ్యాడు. కొత్తాయన మొదటి పేజీ నుంచి మళ్లీ మొదలుపెట్టాడు. ఒకసారి వెడల్పు పెంచమనేవారు, ఇంకోసారి తగ్గించమనేవారు. చెరిపి గీసి, చెరిపి గీసి, చివరికి అవి మెట్లన్న సంగతే మరిచిపోయాను.

ఈలోగా పెద్దాయన పోయాడు. నలుగురం చేతుల మీద దించాం.

నియమం అచ్చయ్యాక చూస్తే, మెట్ల వెడల్పు విషయంలో చిన్న జాగాలకు మినహాయింపు ఇచ్చారు. ఆ సాయంత్రం కంపోజిటర్‌కు చెప్పాను.

"మరి మన మెట్లు?" అన్నాడు.

"పాత ఇండ్లకు కాదు భాయ్. కొత్తగ కట్టెటోళ్లకే."

"గిన్నేండ్లు ఏం జేసిన్రన్నా?"

అతని గొంతులో కోపం లేదు. తెలుసుకుందామనే అడిగాడు.

"గీసినం, చెరిపినం," అన్నాను.

నా భార్య ఇద్దరికీ చాయ్ తెచ్చింది. మర్నాడు ఆఫీసుకు వెళ్లడానికి మనసొప్పలేదు, అయినా వెళ్లాను. కమిటీ మురుగు కాలువల అధ్యాయం మొదలుపెట్టింది. బల్ల మీద కొత్త షీటు పరిచి పెన్సిల్ చెక్కుకున్నాను.