మూడు పాటలయ్యేదాకా నోరు విప్పకు

నిన్న సాయంత్రం గుంటూరులో ఒక చిన్న హాల్లో, కొత్త బ్యాండు పిల్లలు స్టేజి మీద డ్రమ్ముల మూట విప్పుతుంటే గోనెసంచి వాసన వచ్చింది. పాత గోనె, దాంట్లో ఎప్పుడో ఉండి వెళ్ళిపోయిన ఎండుమిర్చి. ముక్కు చివర చిన్న మంట, కంట్లో ఒక చుక్క. ఆ క్షణంలో నాకొక మహాగాథ చెప్పాలనిపించింది. అందులో ఎర్రటి ధూళి లేచిన రణరంగం ఉంది, వెనకడుగు వెయ్యని వీరనారి ఉంది, జనమంతా కన్నీరుమున్నీరైన ఘట్టం ఉంది. మొదలుపెట్టే ముందు కొన్ని సంగతులు ఒప్పుకోవాలి. జనం ఓ నలభై మంది. కన్నీళ్ళు కారం వల్ల వచ్చాయి. వీరనారికి మోకాళ్ళ నొప్పులు.

ఆవిడ పేరు మస్తాన్‌బీ. చిలకలూరిపేట శివార్లలో నేను మొదటి ఉద్యోగం చేసిన మిర్చి గోడౌన్‌లో, వచ్చిన సరుకు మంచిదో కాదో తేల్చేది ఆవిడే. నేను డిగ్రీ పట్టా, నోటి నిండా వెటకారం పట్టుకుని ఆవిడ కింద అసిస్టెంటుగా చేరాను. మొదటిరోజు "మేడమ్" అన్నాను. "మేడమేంటే, బడి పెట్టానా? పిన్నీ అను" అంది. అలాగే పిలిచాను, ఇప్పటికీ అలాగే పిలుస్తాను. ఇలా రాస్తుంటే ఆవిడ పోయిందనుకుంటారేమో, నిక్షేపంగా ఉంది. పని మానేసి పొదిలిలో చెల్లెలి దగ్గర ఉంటోంది. నీ గురించి రాస్తున్నానని ఫోన్ చేస్తే, "అంత తొందరేమొచ్చిందే, ఇంకా ఉన్నాగా" అంది.

మిర్చి చూడటంలో పిన్నికి ఒక పద్ధతి ఉండేది. బస్తా విప్పగానే పైన ఎర్రగా నిగనిగలాడే కాయలుంటాయి. అవి చూసి నేను, "అబ్బ, ఏం రంగండీ!" అన్నాను. పక్కనే నిలబడ్డ రైతు ముఖం వెలిగిపోయింది. పిన్ని నావైపు చూడనైనా చూడకుండా, "అది రంగు కాదు, పెళ్ళిచూపులకి రాసుకున్న పౌడరు" అని మోచేతి దాకా చెయ్యి లోపలికి దూర్చింది. పైనుంచి ఒక గుప్పెడు, నడుమ నుంచి ఒక గుప్పెడు, అడుగు నుంచి ఒక గుప్పెడు తీసింది. మూడూ నేల మీద పరిచిన పట్టా మీద పక్కపక్కన పోసి, విరిచి, వాసన చూసి, అప్పుడు మాట్లాడింది. ఒక్కోసారి పైన బాగుండి అడుగున రంగు పోయిన తాలుకాయ బయటపడేది. ఒక్కోసారి పైన ఏమీ లేదనుకున్న బస్తా అడుగు నుంచి అసలు సరుకు వచ్చేది. మూడో గుప్పెడు పడేదాకా ఆవిడ నోటి నుంచి మంచీ రాదు, చెడూ రాదు. నాకు మాత్రం మొదటి గుప్పెడుకే నాలుక దురద పుట్టేది.

సెలవు దొరికితే చాలు, పిన్ని కొత్త బ్యాండుల పాటలు వినడానికి బస్సెక్కేది. ఈ మనిషికి ఆ పిచ్చి ఎలా పట్టిందని ఆవిడనే అడిగాను. ఏదో గొప్ప కథ వస్తుందని కుర్చీ దగ్గరికి కూడా జరుపుకున్నాను. "గుంటూరులో ఓ మధ్యాహ్నం బస్సు తప్పిపోయిందే. ఎదురుగా హాల్లో కూలర్లు తిరుగుతున్నాయి. టిక్కెట్టు అక్కర్లేదన్నారు, వెళ్ళి కూర్చున్నా. ఎవరో పిల్లలు సొంతంగా కట్టుకున్న పాటలు పాడుతున్నారు. బస్సొచ్చినా లేవలేదు." అంతే. తర్వాత ఆదివారాలు నన్ను వెంటబెట్టుకుని గుంటూరు, ఒంగోలు, విజయవాడ, ఎక్కడ కొత్త బ్యాండు వాయిస్తోందంటే అక్కడికి బయల్దేరేది. నా అభిరుచి చూసి పిలుస్తోందనుకున్నాను. "ఒక్కదాన్నే వెళ్తే అందరూ లేచి కుర్చీ ఇస్తున్నారే, వెనక మూల కూర్చోబెడుతున్నారు. నువ్వు పక్కనుంటే ఈ పిల్లకి కాపలా వచ్చిందనుకుని ముందు నిలబడనిస్తారు" అని తేల్చేసింది.

మొదటిసారి విజయవాడలో ఒక బ్యాండు తొలిపాట అవగానే నేను ఆవిడ చెవిలో, "పిన్నీ, దీనికంటే మన గోడౌన్ షట్టరు శ్రుతిలో ఉంటుంది" అన్నాను. మంచి జోకే, ఇప్పటికీ సమర్థించుకుంటాను.

"ఎన్ని పాటలయ్యాయే?"

"ఒకటి."

"మూడయ్యేదాకా నోరు విప్పకు."

మొదటి పాట జనం కోసం పైన పేర్చిందట. రెండోదానికి వాళ్ళ భయం తగ్గుతుందట. మూడోది ఎవరూ అడక్కుండా వాళ్ళలో వాళ్ళు కట్టుకున్నదట. ఇవి ఆవిడ లెక్కలు, సంగీతం తెలిసినవాళ్ళు ఒప్పుకోకపోవచ్చు. కానీ ఆరోజు మూడో పాట మొదలయ్యాక నేను దాచుకున్న రెండో జోకు గొంతులోనే ఉండిపోయింది. అంత ఇబ్బంది నేనెప్పుడూ పడలేదు. జోకు తయారుగా ఉంది, పాట బాగుంది.

ఫెస్టివల్ పోస్టరుని కూడా పిన్ని అడుగు నుంచి చదివేది. పైన పెద్ద అక్షరాల పేర్లు ఆవిడకి కనపడవు. అలా ఒంగోలు పోస్టరులో చివరి వరుసలో దొరికిన పేరు 'మూడో కోత'. మిరపచేలో మూడో కోత కాయకి పెద్దగా ధర పలకదు. తమకి తాము ఆ పేరు పెట్టుకున్నారంటే వీళ్ళూ నాలాగే వెటకారం జాతివాళ్ళేననుకున్నాను. ముగ్గురు పొదిలి పిల్లలు. సలోమి అనే అమ్మాయి గిటారు వాయిస్తూ పాడేది, ఆమె తమ్ముడు డ్రమ్ములు, వాళ్ళ స్నేహితుడు బేసు. ఎదురుగా ఖాళీ కుర్చీలు, పిన్ని, నేను. మూడో పాటలో సలోమి పత్తి ఏరి ఏరి చీలిన వాళ్ళమ్మ గోళ్ళ గురించి పాడింది. పాట అయ్యాక పిన్ని తిన్నగా స్టేజి దగ్గరికి వెళ్ళి, "మళ్ళీ ఎక్కడమ్మా?" అంది.

"ఎక్కడా లేదాంటీ. కుర్చీలకి పాడటం ఇది మూడోసారి. గుంటూరు ఫెస్టివల్‌కి ఫోన్ చేస్తే తీయట్లేదు. అక్కడ ఓ అరగంట దొరికి, మనుషులు ఆఖరిదాకా వింటే బ్యాండుగా ఉంటాం. లేదంటే గిటారు అమ్మేస్తా."

ఆ తర్వాత పిన్ని గుంటూరు ఫెస్టివల్ నిర్వాహకుడి ఆఫీసుకి నాలుగుసార్లు వెళ్ళింది. మొదటి మూడుసార్లు ఆయన మీటింగులో ఉన్నాడు. నాలుగోసారి పిన్ని మెట్ల మీద కూర్చుని టిఫిన్ బాక్సు విప్పింది. అన్నం సగమయ్యేసరికి మీటింగు అయిపోయింది. సాయంత్రం నాలుగింటి ఎండలో అరగంట ఇచ్చాడు, ఒక షరతు మీద. జనం లేచిపోతే వెంటనే తర్వాతి బ్యాండుని ఎక్కిస్తాడు.

ఇక రణరంగం. డ్రమ్ములు గీసుకుపోకుండా గోనెసంచుల్లో చుట్టమని పిన్ని సలహా ఇచ్చింది. సంచులు తెచ్చింది నేను. మిర్చి గోడౌన్‌లో సంచులు మిర్చివి కాక ఇంకేం ఉంటాయన్నది మా ఇద్దరికీ తట్టలేదు. రోజూ ఆ ఘాటులోనే బతికేవాళ్ళం, మా ముక్కులకి అది గాలి. గుంటూరులో స్టేజి మీద సలోమి తమ్ముడు మొదటి దెబ్బ వేశాడు. డ్రమ్ము మీదనుంచి ఎర్రటి పొగ లేచింది, షామియానా ఫ్యాన్లు దాన్ని అందరికీ సమానంగా పంచాయి. సలోమి మొదటి చరణంలోనే దగ్గు అందుకుంది. ముందు వరుస తుమ్మింది. వెనకవాళ్ళు ఇదంతా ప్రోగ్రాంలో భాగమనుకుని చప్పట్లు కొట్టి, తర్వాత వాళ్ళూ తుమ్మారు.

నిర్వాహకుడు కళ్ళు తుడుచుకుంటూ వచ్చాడు. "ఆపేద్దామండీ. తర్వాతివాళ్ళు రెడీగా ఉన్నారు."

"అరగంట అన్నారు. ఇంకా ఇరవై అయిదు నిమిషాలుంది" అంది పిన్ని.

"ఆ అమ్మాయికి గొంతే లేదు కదండీ!"

"వస్తుంది. మీ జనం లేచారా? లేవలేదుగా." చేతిసంచిలోంచి బెల్లంముక్క తీసి సలోమి నోట్లో పెట్టింది. "నమలకు, చప్పరించు. కళ్ళు నులమకు." కొంగు తడిపి డ్రమ్ములు తుడవడం మొదలుపెట్టి, నావైపు తిరిగింది. "నువ్వు మైకు పట్టుకో. ఒక్కడు కూడా లేవకూడదు."

"నేనా? ఏం చెప్పను పిన్నీ?"

"రోజంతా నా చెవి కొరుకుతావుగా, అదే వాళ్ళకి చెప్పు."

అప్పటిదాకా నేను జోకులన్నీ స్టేజి కింద నిలబడి వేసినదాన్ని, స్టేజి మీదున్నవాళ్ళ మీద. ఇప్పుడు స్టేజి మీద నేనే ఉన్నాను. మైకు అందుకున్నాను. "అందరికీ నమస్కారం. సంచులు తెచ్చింది నేనే, బ్యాండు తప్పేం లేదు" అన్నాను. నవ్వారు. మా గోడౌన్ గురించి, మా ముక్కుల గురించి, టిఫిన్ బాక్సు సత్యాగ్రహం గురించి చెప్పాను. ఇద్దరు లేచారు. "అన్నా, ఇంకా ఒక్క పాట కూడా పూర్తవలేదు. మూడు విని, అప్పుడు తిట్టండి" అన్నాను. ఆ మాట నా నోటి నుంచే వచ్చిందని గ్రహించేలోపు వాళ్ళు కూర్చున్నారు.

సలోమి గొంతు బొంగురుగా తిరిగొచ్చింది. మిగిలిన సమయంలో సరిగ్గా మూడు పాటలు పట్టాయి. చివర్లో గోళ్ళ పాట పాడింది, ఒక్కరూ కదల్లేదు. అద్భుతమేమీ జరగలేదు. ఏ కంపెనీవాడూ కార్డు ఇవ్వలేదు, నిర్వాహకుడు మాత్రం కుర్చీలు తుడిచే పని మాకు అప్పగించాడు. తుడుస్తూ పిన్ని అడిగింది, "ఏమ్మా, గిటారు అమ్ముతావా?"

"ఎవరు కొంటారాంటీ, కారం పట్టింది" అంది సలోమి. దాన్ని గుడ్డలో చుట్టుకుంటూ, వచ్చే నెల ఎక్కడ వాయించాలో తమ్ముడితో తగవు పెట్టుకుంది.

ఇప్పుడు నేనొక్కదాన్నే వెళ్తున్నాను. పోస్టరు అడుగు నుంచి చదువుతాను, తొలి బ్యాండు మొదలవక ముందే వెళ్ళి ముందు నిలబడతాను, మూడు పాటలు నోరు మూసుకుంటాను. పరమ ఘోరమైన మూడో పాటలు కూడా విన్నాను, అయినా మానలేదు, మానను. మొదటి గుప్పెడుకే తీర్పు చెప్పేసే ఆ పిల్ల నాలో ఇంకా ఉంది. ఆమెకి రోజూ సర్దిచెప్పాలి. వచ్చే ఆదివారం ఒంగోలులో ఒక కొత్త బ్యాండు ఉంది, పోస్టరులో అందరికంటే కింద పేరు, మూడున్నరకి మొదలు. హైవే మీద వంతెన పని జరుగుతోంది కాబట్టి బస్సుల్ని సర్వీసు రోడ్డు మీదుగా వదులుతున్నారు. చిలకలూరిపేట నుంచి గంటన్నర ప్రయాణం ఇప్పుడు రెండున్నర గంటలు పడుతోంది. అందుకే పన్నెండున్నరకే బస్సెక్కుతున్నాను.