సైజుల వారీగా ఎవరికి పిచ్చెక్కుతుంది?

మాటలంటే నాకు నమ్మకం ఎక్కువని మా ఊళ్లో అందరూ అనుకుంటారు. ముప్పై ఏళ్లు ఇంగ్లీషు పాఠాలు చెప్పిన పాపానికి మాటల మీదా, మనుషుల మీదా కూడా నాకు నమ్మకం పోయింది. పాలవాడు క్యాన్ మూత తీసేలోపే నీళ్లు ఎన్ని కలిపాడా అని వాడి మొహం చూస్తాను. రాయదుర్గంలో రిటైరై ఇంట్లో కూర్చున్నాక ఈ గుణం ఇంకా ముదిరింది.

ఇక్కడ జీన్సు ప్యాంట్లు కుట్టే యూనిట్లు చాలా ఉన్నాయి. ఒక యూనిట్ ఓనరు ఒకప్పుడు నా దగ్గర తొమ్మిదో తరగతి చదివాడు. బెంగళూరు కంపెనీకి ఇంగ్లీషులో ఉత్తరం రాయాల్సి వచ్చినప్పుడల్లా మా ఇంటికి వస్తాడు. ఆ రోజు కూడా వచ్చాడు, కానీ కుర్చీ అంచున కూర్చున్నాడు. సంగతి సవ్యంగా ఉంటే మనిషి కుర్చీ నిండా కూర్చుంటాడు.

వాళ్ల యూనిట్లో పదేళ్లుగా నడుము పట్టీలు కుట్టే ఒకామె ముందు రోజు మధ్యాహ్నం ఉన్నట్టుండి కరెంటు మెయిన్ ఆపేసిందట. అరుస్తూ కట్టలు విప్పి ప్యాంట్లు లాగేసిందట. సరిగ్గా అప్పుడే సరుకు చూడటానికి బెంగళూరు నుంచి వచ్చినాయన గుమ్మంలో నిలబడి ఉన్నాడట. సంజాయిషీ రాసి పంపమని చెప్పి వెళ్లిపోయాడు.

"ఆమెకు పిచ్చి లేసింది సార్. పనిలోంచి తీసేస్తాండామని రాయండి. హిస్టెరికల్ అని రాస్తే వాళ్లకు అర్థమయితాది," అన్నాడు ఓనరు.

ఆ మాటతో పని పోతే ఆమెను ఊళ్లో ఇంకే యూనిట్ వాళ్లూ గడప తొక్కనివ్వరు. ఓనర్లందరికీ కలిపి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. అది తెలిసి కూడా రాశాను. ఆమె మా వెనక వీధి మనిషే. కుళాయి దగ్గర ఎవరి బిందె ముందు అని గొంతు చించుకుంటుంది. ఇంట్లో గొడవపడి వచ్చి ఆ కోపం యూనిట్లో చూపించి ఉంటుందని నా అనుమానం. హిస్టెరికల్ అనే మాట ఏమాత్రం తడుముకోకుండా పెన్నులోంచి వచ్చింది.

ఉత్తరంలో ఒక వివరం మాత్రం మిగిలింది. ఈ యూనిట్లలో సూది విరిగితే ఒక పద్ధతి ఉంది. ముక్కలన్నీ వెతికి రిజిస్టరులో టేపు వేసి అంటించాలి. అవి కలిసి పూర్తి సూది అయితేనే కొత్తది ఇస్తారు. ఒక్క ముక్క దొరక్కపోయినా చుట్టుపక్కల కట్టలు కదలకూడదు, ఎందుకంటే రేపు తొడుక్కున్నవాళ్లకు గుచ్చుకుంటుంది. ఆ రోజు ఆమె మిషన్లో సూది విరిగిందనీ, ముక్కలన్నీ దొరికాయనీ సూపర్‌వైజర్ చెప్పాడట. ఉత్తరంలో రాయాల్సిన ఆ రిజిస్టరు పేజీ నంబరు ఫోన్లో చెబుతానన్నాడు ఓనరు. చూడనిదే రాయనని అతని బండెక్కాను.

పేజీలో టేపు కింద మూడు ముక్కలున్నాయి. రెండు తళతళలాడుతున్నాయి, మొన మాత్రం తుప్పు పట్టి ఉంది. ఇదేమిటని అడిగితే మిషన్ ఆయిల్ వల్ల అన్నాడు సూపర్‌వైజర్. ఆయిల్ తగిలి తుప్పు పట్టడం నేనెక్కడా వినలేదు. ఆమె లాగేసిన ప్యాంట్లు ఎక్కడ అన్నాను. మూలన ఉన్నాయి, ఇంకా ఎవరూ ముట్టుకోలేదన్నాడు.

ప్యాంట్లు చాలావరకు లోపలి వైపు బయటికి తిరగేసి ఉన్నాయి. ఇరవై ఎనిమిదో సైజు ఒక దొంతర, ముప్పై ఒక దొంతర, ముప్పై రెండు ఒక దొంతర. ముప్పై నాలుగు కట్ట విప్పి ఉంది గానీ ఒక్కటీ తిరగేయలేదు. అక్కడికి వచ్చేసరికి ఆమెను బయటికి పంపేశారు. సైజుల వారీగా ఎవరికైనా పిచ్చెక్కుతుందా? అయస్కాంతం తెప్పించి ఆ కట్ట మీద పెట్టించాను. ఐదో ప్యాంటు నడుము పట్టీ దగ్గర పట్టుకుంది. మడత విప్పితే సూది మొన మెరుస్తూ బయటపడింది. లారీ టైమైందని పాత ముక్క అంటించానని అప్పుడు ఒప్పుకున్నాడు సూపర్‌వైజర్. కట్టలు లారీకి ఎత్తబోతుంటే, మిషన్ల రొద ఆగి అందరికీ తన మాట వినపడాలని ఆమె మెయిన్ ఆపిందట.

ఇంటికొచ్చి మొదటి ఉత్తరం చించేశాను. హిస్టెరికల్ అంటే ఏడుస్తున్నానో నవ్వుతున్నానో తనకే తెలియని మనిషి. ఫ్రెంజీడ్ అంటే చేతికందినదల్లా పాడు చేసే ఊపు. డెలీరియస్ అంటే జ్వరంలో పలవరింత. ఫ్రాంటిక్ వేరు. సంతలో బిడ్డ చెయ్యి జారిపోయిన తల్లి ఫ్రాంటిక్. అరుస్తుంది, అందర్నీ తోసేస్తుంది, కానీ ఆమె కళ్లు ఒక్కదాన్నే వెతుకుతుంటాయి. ఆ మాటే రాశాను.

ఓనరు చదివి మొహం చిట్లించాడు.

"రెండూ ఒకటే కదా సార్. బోర్డు మీద అన్నీ వరసగా రాసి నడుమ ఈక్వల్ గుర్తులు పెట్టినారే మీరే."

నిజమే. ఏటేటా ప్రతి క్లాసుకూ అదే పాఠం చెప్పాను. సిగ్గేసింది. తప్పు చెప్పాను, ఇప్పుడు దిద్దుకో అన్నాను. ఆమె పనిలోనే ఉంటుందని కూడా రాశాను చూడు అన్నాను. దొరికిన మొన ముక్క నా జేబులోనే ఉందని చెప్పాక సంతకం పెట్టాడు.

సోమవారం ఆమె మళ్లీ మిషన్ ముందు కూర్చుంది. ఆ సాయంత్రం కుళాయి దగ్గర కనపడి, నేను రాసిన మాటకు అర్థం అడిగింది. చెప్పాను. సంతోషంగానే విన్నది. తర్వాత నా వైపు అదోలా చూసింది. ఆ చూపు నాకు బాగా తెలుసు, రోజూ పాలవాడిని నేను చూసే చూపే.

"మొదట వేరే మాట రాసినారంట కదా సార్. అప్పటికి మీరు యూనిట్‌కే రాలేదంట. యాడ చూసి రాసినారు?"

బిందె నిండి పొర్లుతున్నా ఆమె కుళాయి కట్టలేదు. ఇక్కడే, ఈ కుళాయి దగ్గరే చూసి రాశానమ్మా అని చెప్పాల్సింది పోయి, వంగి ఆ కుళాయి నేనే కట్టేశాను.