చుక్కికి పెట్టిన బలమైన తిండి

ఆ రోజుల్లో ఫోను వీడియోల్లో ఎవరైనా గట్టిగా నొక్కి చెబితే చాలు, అది నిజమేనని నాకు నమ్మకం. ఎర్రమంచి దగ్గర కార్ల ఫ్యాక్టరీలో కొత్త ఉద్యోగం, చేతిలో కొత్త ఫోను, లోకంలో ఎవరేం తినాలో నాకే తెలుసన్న ధీమా. ఇంట్లో నా మాట వినే దిక్కు లేక (అవ్వను కొర్రన్నం తినమంటే "నువ్వు పుట్టకముందే తిన్యాలే, పోరా" అంది) చివరికి నా వైద్యమంతా మా పిల్లి చుక్కి మీద పడింది.

ధర్మవరంలో మాది మగ్గం ఇల్లు. మగ్గమున్న ఇంట్లో పిల్లి ముద్దుకు కాదు, కాపలాకు. పట్టుపోగులు కనబడితే ఎలుకలు కొరక్కుండా వదలవు. అందుకే పిల్లికి పొద్దున ఇంత పాలన్నం పెట్టి సాయంత్రం పస్తుంచడం మా ఇళ్లలో ఆచారం. ఆకలేస్తేనే అది ఎలుకల కోసం మగ్గం కింది గుంతలోకి దిగుతుంది. నాకు ఇది ఘోరంగా తోచింది. చుక్కిని సంచిలో పెట్టుకుని పెనుకొండలో పశువుల డాక్టరు దగ్గరికి పోయాను. "పాలు పడవు, మాంసమే దాని తిండి" అన్నాడాయన. ఎంత పెట్టాలో చెప్పేలోపే నేను హిందూపురం బస్సెక్కేశాను. అక్కడ చేప వాసనొచ్చే గుళికల మూట, ఒక స్టీలు గిన్నె కొన్నాను.

అవ్వ నోరు తెరిచి చూసింది. "ఏమప్పా, పిల్లికి మాత్రలు తెచ్చినావా?"

"మాత్రలు గాదవ్వా, బలమైన తిండి."

"బలమొచ్చి ఏం చేస్తాది? మగ్గం నేస్తాదా?"

గిన్నె మగ్గం గదిలోనే పెట్టి, పొద్దూ మాపూ నిండుగా ఉంచాను. అప్పుడు మగ్గం మీదున్నది అమ్మే చీర కాదు. ఊళ్లో పెళ్లికూతుళ్లందరికీ నేసిన నాయన, మొదటిసారి మా చెల్లెలి పెళ్లికి నేస్తున్న చీర. చుక్కి బొద్దుగా తయారైంది, బొచ్చు నిగనిగలాడింది, గిన్నె రోజూ ఖాళీ. నేను పొంగిపోయాను.

ఒక ఆదివారం మధ్యాహ్నం మగ్గం గదిలోకి తొంగి చూసి కొయ్యబారిపోయాను. గిన్నెలో ఎలుక! పందికొక్కంత ఎలుక, ముందుకాళ్లతో గుళిక పట్టుకుని కటకటా కొరుకుతోంది. జానెడు దూరంలో మా చుక్కి పడుకుని, ఇంటికొచ్చిన చుట్టానికి వడ్డించినట్టు తీరిగ్గా చూస్తోంది. అంతలో నాయన భోంచేసి వచ్చి నేయడానికి గుంతలోకి దిగాడు. ఎలుక తుర్రుమంది.

"అయ్యో, పడుగు కొరికేసినాయి కదరా!"

అంచు పక్కన పిడికెడు పోగులు తెగి వేలాడుతున్నాయి. పెళ్లి నెత్తి మీదికొచ్చింది. నాయన తిట్టలేదు, తిట్టినా బాగుండేది. ఆయనా అమ్మా చెరోవైపు కూర్చుని పోగు పోగుకూ అతుకు వేస్తుంటే నేను ఫోను లైటు పట్టుకుని నిలబడ్డాను. (ఆ ఫోను చేసిన మంచిపని అదొక్కటే.)

చీర ముహూర్తానికి అందింది. అతుకులున్న చోటు కుచ్చిళ్లలోకి మడుచుకున్న చెల్లెలు పీటల మీదికి పోతూ నా చెవిలో అడిగింది: "అన్నా, ఎలకలకు గూడా పత్రిక ఇచ్చినావా?" ఏడవాలో నవ్వాలో తెలియక రెండూ చేశాను.

గుళికలు ఇప్పటికీ కొంటున్నాను. పొద్దున గుప్పెడు, అంతే. ఈమధ్య షుగరు వచ్చేలా ఉందని డాక్టరు నాకూ మాపటి తిండి తగ్గించాడు. నిన్న కంచంలో చిటికెడు కొర్రన్నం వైపు దిగాలుగా చూస్తుంటే, అవ్వ గడప దగ్గర నిలబడి బుగ్గలు నొక్కుకుంది.

"వీన్ని గూడా పస్తు పెట్టినారా! మంచిదేలే, ఎలకలన్నా పడతాడు."

ఇంట్లో అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. చుక్కి ఒక్కటే నా పక్కకొచ్చి, ఒళ్లు ఆనించి కూర్చుంది.