రజియా నెత్తురులోని బలం

కాదు శ్రీజా, రజియా పోయింది కోళ్ల జబ్బుతో కాదు. గుండె ఆగిపోయింది. మొన్న పొద్దున వాకిట్లో కోళ్లకు నూకలు చల్లుతూ అలాగే కూలబడిందట. రజియా కోడలు వచ్చి చెప్పేసరికి నేను పాలు పితుకుతున్నాను. చేతులు ఆగిపోయాయి, బర్రె తిరిగి నన్ను చూసింది. నువ్వు ఫోన్లో అడిగిన మాటే బాన్సువాడలో ఇంకా కొందరు అడుగుతున్నారు. అందుకే నీకూ తమ్ముడికీ ఇదంతా చెబుతున్నాను.

రజియా మన పక్కింటి మనిషి. సంతలో నాటుకోళ్లు అమ్మేది. బేరానికి వచ్చినవాళ్లను నోరెత్తనిచ్చేది కాదు. "బక్కగ ఉన్నదా? దానికి పెండ్లి చేస్తవా ఏంది? కూర వండుకుంటవు గద!" అనేది. వాళ్లు నవ్వేలోగా కోడి సంచిలోకి వెళ్లిపోయేది.

ఒక ఏడు చుట్టుపక్కల షెడ్లలో కోళ్లు కుప్పలుగా చచ్చిపోయాయి. తర్వాత పట్నం నుంచి డాక్టర్లు వచ్చి, కోళ్లతో మెలిగేవాళ్ల నెత్తురు పరీక్షకు కావాలన్నారు. గల్లీ అంతా తలుపులు వేసుకుంది. రజియా ఒక్కతే చెయ్యి చాపింది. సూది పట్టిన డాక్టరమ్మ తడబడితే, "ఫికర్ చెయ్యకు బిడ్డా, కోడి కాలు పట్టినట్టు గట్టిగ పట్టు" అంది.

కొన్నాళ్లకు ఆ డాక్టరమ్మే వచ్చి మన అరుగు మీద కూర్చుని ఫలితం చెప్పింది. నేనూ పక్కనే ఉన్నాను. కోళ్లను చంపిన ఆ వైరస్ ఎప్పుడో రజియా ఒంట్లోకి వచ్చిందట, తనకు తెలియనే లేదు. ఒళ్లు దానితో పోరాడి గెలిచి, మళ్లీ వస్తే అడ్డుకునే బలాన్ని నెత్తురులో దాచుకుందట. ఆ బలాన్ని కొలవడానికి, నెత్తురు గడ్డకట్టాక పైన తేరే పసుపు నీళ్లను సగానికి సగం పలచన చేస్తూ పోతారట. ఎంత పలచనయ్యేదాకా వైరస్‌ను ఆపుతుందో చూస్తారట.

"అంటే మజ్జిగల నీళ్లు పోసుకుంట, పులుపు ఏడిదాంక ఉంటదో చూసినట్టా?" అంది రజియా.

డాక్టరమ్మ నవ్వింది. "అట్లనే అమ్మా. మీ మజ్జిగ ఎన్ని నీళ్లు పోసినా పుల్లగనే ఉంది. ఇది రోగం కాదు, మీ నుంచి ఎవరికీ అంటదు."

రజియా ఆ సంబరం దాచుకోలేదు. "కోళ్ల రోగం నా ఒంట్లకు వచ్చి, ఓడిపోయి పోయిందట!" అని సంతంతా చెప్పుకుంది. ఒంట్లోకి వచ్చిందన్న దగ్గరే జనం చెవులు మూసుకున్నారు. ఆమె గంప నిండుగా సంతకు వెళ్లి నిండుగానే ఇంటికి వచ్చేది.

నేను ఆమె పక్కనే కూర్చుని పెరుగు అమ్మేదాన్ని. ఒక సంత రోజున ఒకామె వంగి నన్నడిగింది, "అక్కా, గామెకు కోళ్ల రోగమట గద, నిజమేనా?"

నాకు తెలుసు. గల్లీలో అందరికంటే నాకే బాగా తెలుసు. కానీ ఆమెను వెనకేసుకొస్తే నా పెరుగు కూడా వద్దంటారేమోనని భయం వేసింది.

"ఏమో" అన్నాను.

మరుసటి సంతకు నా గంప ఎడంగా జరుపుకున్నాను. రజియా చూసింది. కోళ్లు అమ్ముడుపోక, మేత కొనలేక అవి చిక్కిపోయిన ఆ రోజుల్లో కూడా ఆమె పొద్దున్నే గిన్నె పట్టుకుని మన ఇంటికే వచ్చేది పాలకు.

ఏడాది తిరిగాక డాక్టరమ్మ మళ్లీ వచ్చింది. రజియా మళ్లీ చెయ్యి చాపింది. ఫలితం వచ్చాక, ఈసారి ఆ బలం చాలామటుకు కరిగిపోయిందని, కాలం గడిస్తే అంతేనని, ఇకమీద చచ్చిన కోళ్లను వట్టి చేతులతో ముట్టుకోవద్దని చెప్పింది. ఆ కబురు సంతకు చేరేసరికి, రోగం నయమైందని జనం మళ్లీ కోళ్లకు ఎగబడ్డారు.

"బలమున్నప్పుడు ఒక్కలు రాలె అక్కా. పోయినంక అందరొచ్చిండ్రు. గమ్మత్ లేదూ?" అని రజియా పగలబడి నవ్వింది. నేను తల ఎత్తలేకపోయాను.

పోయిన రంజాన్ అయ్యాక, ఒక పొద్దున పాలు పోస్తూ ధైర్యం చేసి అడిగాను. "రజియా, గా దినం సంతల నేనన్న మాట నీకు ఇనబడ్డదా?"

గిన్నెలోకి తొంగి చూసింది. "గిదంత నురుగే గదక్కా! పాలు పొయ్యి" అంది. ఇంకొంచెం పోశాను. మూత పెట్టుకుని వెళ్లిపోయింది.

రేపు మళ్లీ డాక్టర్లు వస్తే అందరికంటే ముందు చాపే ఆ చెయ్యి ఇక మన గల్లీలో లేదు. అంత పెద్ద మనసు పక్కింట్లో ఉన్నన్నాళ్లూ దాని ముందు చిన్నదాన్నై బతికాను. ఆ సంతలో మూరెడు దూరంలో కోడి కాళ్లకు ముడి వేసుకుంటూ కూర్చున్నావు కదా రజియా, నా 'ఏమో' విన్నావా?