అనుభవంతో చెప్తున్నా

నేను చెప్పబోయేది ఒక విమానం కూలిన కథ. కంగారు పడకండి, అందులో ప్రయాణికులెవరూ లేరు. డబ్బా నిండా నీళ్లున్నాయి, ఆరు రెక్కలున్నాయి, మా మహిళా సంఘం అక్కల నమ్మకముంది, అన్నిటికన్నా పైన నా పరువుంది. నీళ్లు ఎవరి మీద పడాలో వాళ్ల మీద పడకుండా ఇంకెవరి మీదో పడ్డాయి. రెక్కలు బురదలో దొరికాయి. పరువు కోసం ఇప్పటికీ వెతుకుతున్నాను. పెన్‌పహాడ్ వైపు ఎవరికైనా కనిపిస్తే కబురు చెయ్యండి.

ఆ విమానం మందు కొట్టే డ్రోన్. మా సంఘానికి వచ్చింది. దాన్ని నడపడానికి ఒకరు హైదరాబాద్ వెళ్లి ట్రైనింగ్ తీసుకోవాలన్నారు. "నాకు బర్లున్నయి", "నాకు కండ్లు కనపడయి" అని అందరూ తప్పుకుంటే, ఇంటర్ చదివిన పొగరుతో నేను చెయ్యెత్తాను. అక్కడ పాఠాలు చెప్పే గదిలో ఏసీ ఉండేది. ఎండలో నాట్లేసి వచ్చిన ఒంటికి ఆ చల్లగాలి తగిలితే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. సగం పాఠాలు కళ్లు మూసుకునే విన్నాను. చివరి రోజు ఒక సర్టిఫికెట్ చేతిలో పెట్టారు. దాని మీద నా పేరు పక్కన 'పైలట్' అని ఉంది. ఆ ఒక్క మాటతో నా తల గాల్లోకి లేచింది. వెంకటయ్య మామ పొలంలో పడేదాకా మళ్లీ కిందికి దిగలేదు.

ఇంటికి రాగానే నన్ను సూర్యాపేట డ్రోన్ పైలట్ల వాట్సాప్ గ్రూపులో చేర్చారు. ఆ గ్రూపు సంగతి చెప్పాలి. పొద్దున పూల బొమ్మలతో గుడ్ మార్నింగులు, మధ్యాహ్నం ఉబ్బిపోయిన బ్యాటరీల ఫొటోలు, సాయంత్రం సలహాలు. పనికొచ్చే మాటలు లేవని అనను. గాలి ఎక్కువుంటే ఎందుకు ఆగాలో, మందు పడే నాజిల్ ఎట్లా కడగాలో నిజంగా తెలిసినవాళ్లు రెండు ముక్కల్లో చెప్పేసి పనికి పోయేవాళ్లు. ఏమీ తెలియనివాళ్లు పేరాలకు పేరాలు రాసేవాళ్లు. ఈ రెండో రకంలో మొదటి స్థానం నాదే.

ఎవరు ఏ ప్రశ్న అడిగినా నా వేళ్లు ఆగేవి కావు. కూర మాడుతున్నా సరే, ముందు జవాబు పెట్టాల్సిందే. ఒకసారి మిర్యాలగూడ తమ్ముడొకడు, "అక్కా, గాలిలో ఉండంగనే బీప్ బీప్ అంటుంది, ఎందుకు?" అని అడిగాడు. "భయపడకు తమ్మీ, కొత్త డ్రోన్ గదా, కొన్నాళ్లు అట్లనే అంటది" అని రాశాను. అది బ్యాటరీ అయిపోతున్నప్పుడు వచ్చే కూత అని నాకు చాలా రోజుల తర్వాత తెలిసింది. ఆ తమ్ముడికి అంతకన్నా చాలా ముందే తెలిసి ఉంటుంది.

ప్రతి సలహా కింద ఒక ముద్ర వేసేదాన్ని. "అనుభవంతో చెప్తున్నా." అప్పటికి నా అనుభవమంతా మా ఊరి బడి గ్రౌండులో కొట్టిన కాసిని చక్కర్లు, అవీ బటన్ నొక్కితే డ్రోన్ తనంతట తానే తిరిగి వచ్చిన చక్కర్లు. చేత్తో నడపడం నాకు రాదు. రాకపోయినా దాని మీద కూడా గ్రూపులో పాఠం రాశాను. జనం చేతులు జోడించిన బొమ్మలు పెట్టేవాళ్లు. కొందరు 'మేడం' అనేవాళ్లు. ఆ బొమ్మలన్నీ చూసుకుని, మా ఆయన సైదులుకి చూపించి, ఆయన "అన్నం పెడ్తవా?" అంటే విసుక్కునేదాన్ని. సిగ్గు లేని మనిషినంటే నేనే.

అట్లా ఒక ఏడాది గడిచింది. వానాకాలం వరి పొట్ట మీద ఉన్నప్పుడు వెంకటయ్య మామ పొద్దున్నే మా ఇంటికి ఉరికొచ్చాడు.

"బిడ్డా, సుడిదోమ పడ్డది. మడి నడుమ గుండ్రంగ ఎండుకుంట వస్తున్నది. ఇయ్యాల మందు కొట్టకుంటే గడ్డే మిగుల్తది."

"ఫికర్ చెయ్యకు మామా, పైలట్ ఉన్నది గదా" అన్నాను. నా గురించి నేనే అట్లా మూడో మనిషిలా చెప్పుకునే జబ్బు అప్పటికే ముదిరింది.

నిజానికి, అనుమతుల కోసం ఏడాదంతా మూలన ఆగిన సంఘం డ్రోన్ మొదటిసారి ఒక రైతు పొలంలో దిగే రోజు అది. అందుకే సంఘం అధ్యక్షురాలు అండాలక్క ఇస్త్రీ చీర కట్టుకుని, అక్కలందర్నీ వెంటేసుకుని గట్టు మీదికి వచ్చింది. నా భుజం మీద చెయ్యేసి మెల్లగా అంది. "సుజాతా, ఇది మనందరి సొమ్ము. నీ మీద ఇడిసినం. దీనికేమన్న అయితే ఊర్ల మన మొకం సూపెట్టలేం. జర పైలం."

"అక్కా, నన్ను చూసి సూర్యాపేట అంతా నేర్చుకుంటున్నది" అన్నాను. ఆ మాట ఎంత నిజమో మధ్యాహ్నానికల్లా తేలిపోయింది.

ఆ రోజు నేను చేసిన మంచి పని ఒక్కటే. మందు కలపడానికి ముందు, ఒక్క చక్కరు చూద్దామని డబ్బాలో ఉత్త నీళ్లు పోశాను. తర్వాత డ్రోన్‌ని వెంకటయ్య మామ ట్రాక్టర్ పక్కనే పెట్టి, రిమోట్ ఆన్ చేశాను. తెర మీద ఎర్రటి అక్షరాలు వచ్చాయి. కంపాస్ ఎర్రర్. అంటే డ్రోన్‌కి దిక్కులు తెలియడం లేదని అర్థం. నాకూ తెలియడం లేదు.

"ఏమైందే?" అంది అండాలక్క.

"ఏం లేదక్కా, సాటిలైట్లతోని మాట్లాడుతున్నది."

"ఏమంటున్నయట?"

"జర ఆగమంటున్నయ్."

ఇప్పుడు ఏం చెయ్యాలి? బుద్ధున్నవాళ్లెవరైనా డ్రోన్ అమ్మినవాళ్లకి ఫోన్ చేసేవాళ్లు. నేను మోటర్ రేకుల షెడ్డు వెనక్కి పోయి వాట్సాప్ తెరిచాను. సూర్యాపేట గ్రూపులో అడిగితే ఏమైనా ఉందా? అక్కడ నేను మేడం కదా, మేడంకి తెలియనిది ఉండకూడదు. అందుకని, ఎప్పుడో చేరి మరిచిపోయిన కోదాడ, మిర్యాలగూడ వాళ్ల గ్రూపులో పెట్టాను. "ఒక తమ్ముడు అడుగుతున్నాడు. కంపాస్ ఎర్రర్ వస్తే ఏం చెయ్యాలట? అర్జెంట్."

"ఏ తమ్ముడు?" అని ఒకరు. "ఏ కంపెనీది?" అని ఇంకొకరు. బ్యాటరీలు అమ్ముతామని ఒకరు ఫొటో పెట్టారు. ఈలోగా గట్టు మీంచి వెంకటయ్య మామ కేక. "బిడ్డా, దోమ ఆగుతలేదమ్మా!" అప్పుడు కోదాడ శ్రీను అనే పైలట్ ఎవరి దగ్గర్నుంచో వచ్చిన పొడుగాటి మెసేజ్‌ని అట్లాగే పంపాడు.

"కంపాస్ ఎర్రర్ వస్తే భయపడొద్దు. డ్రోన్ నేల మీద ఉంటే భూమి లాగుతుంది. కాబట్టి ట్రాక్టర్ ట్రాలీ లాంటి ఎత్తయిన దాని మీద పెట్టి, తూర్పు ముఖంగా నిలబడి, చుట్టూ తిప్పి కంపాస్ సరిచేయాలి. ఎర్రర్ వెంటనే పోతుంది. అనుభవంతో చెప్తున్నా. ఇట్లు, సీనియర్ పైలట్."

చదివి పొంగిపోయాను. ఎంత చక్కగా రాశాడు! భూమి ఉంది, తూర్పు ఉంది, అనుభవం ఉంది. ఎక్కడో చదివినట్టు అనిపించింది కూడా. మంచి మాటలన్నీ అట్లాగే ఉంటాయిలే అనుకున్నాను.

మా ఆయన్ని పిలిచి ట్రాలీ ఎక్కించాను. ఇద్దరం డ్రోన్‌ని చెరో పక్క పట్టుకుని తూర్పుకు తిరిగి, మెల్లగా గుండ్రంగా తిప్పడం మొదలుపెట్టాం. అక్కలు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. పెళ్లిలో కూడా మేమింత శ్రద్ధగా తిరగలేదు.

"ఇనుము కాడ పెట్టొద్దన్నరని ట్రైనింగ్‌కెల్లి వచ్చినంక నువ్వే అన్నట్టున్నది గద?" అన్నాడు సైదులు.

"అది పాత మోడల్‌కి."

"మనది పాతదే గద?"

"నువ్వు తిప్పు!"

తిప్పాడు. తెర మీద ఎర్ర అక్షరాలు పోయి పచ్చ రంగు వచ్చింది! నేను రిమోట్ పైకెత్తి జనానికి చూపించాను. చప్పట్లు కూడా పడ్డాయి. బటన్ నొక్కాను. డ్రోన్ లేచింది, పొలం మీదికి పోయింది, నీళ్లు చిమ్మడం మొదలుపెట్టింది. అప్పటిదాకా ఏ గొడవా లేదు. తర్వాత నిటారుగా పోవాల్సింది కాస్తా ఒక చిన్న చక్కరు తిరిగింది. దాని తర్వాత ఇంకొంచెం పెద్ద చక్కరు.

"గుండ్రంగ తిరుగుతున్నదేందే?" అంది అండాలక్క.

"సుడిదోమ గుండ్రంగనే ఉంటది గదక్కా. దాని ఎంబడి పడ్డది."

ఈ జవాబు ఇచ్చిన నోటిని ఏం చెయ్యాలో మీరే చెప్పండి. మూడో చక్కరులో డ్రోన్ పొలం దాటి గట్టు మీదికి వచ్చింది. అండాలక్క ఇస్త్రీ చీర తడిసి ఒంటికి అతుక్కుపోయింది. అక్కలు కిందా మీదా పడి ట్రాలీ కిందికి దూరారు. వెంకటయ్య మామ తువ్వాల ఊపుతూ "పో! పో!" అని పిట్టల్ని తోలినట్టు తోలుతున్నాడు. నాకు దాన్ని దించడం రాదు. బటన్ నొక్కుతుంటే అది ఇంకో దిక్కుకు ఉరుకుతోంది.

"ఏమయ్యా, గ్రూపుల అడుగు! ఎట్ల దించాలనో అడుగు!" అని అరిచి ఫోన్ మా ఆయన మీదికి విసిరాను. 'తమ్ముడు అడుగుతున్నాడు' అని మొదలుపెట్టాలని చెప్పే తీరిక ఎక్కడిది? ఆ మహానుభావుడు వాయిస్ మెసేజ్ నొక్కి, గ్రూపు మొత్తానికి వినపడేలా అరిచాడు. "అన్నా, మా ఇంటామె సుజాత, పెన్‌పహాడ్ కాడి పైలట్, డ్రోన్ లేపింది గని దించరాట్లేదే! అందరిని తడుపుతున్నది! జర చెప్పుండ్రే!"

ఒకరు బొటనవేలు బొమ్మ పెట్టారు. ఇంకొకరు "ఫొటో పెట్టండి" అన్నారు. ఈలోగా డ్రోన్ ఆఖరి పెద్ద చక్కరు కొట్టి, వంకర తిరిగి, ఎవరో పిలిచినట్టు సూటిగా వచ్చి వెంకటయ్య మామ మడి నట్టనడుమ బురదలో ముక్కు గుచ్చుకుని పడింది. ఫటఫటమని రెక్కలు విరిగాయి. అక్కలు ఒక్కొక్కరుగా ట్రాలీ కింది నుంచి బయటికొచ్చి ఆ బురద వైపు చూస్తూ నిలబడ్డారు. వాళ్ల ముఖాలు చూశాక నాకు నిజంగా ఏడుపొచ్చింది. అది నాదయితే అంత బాధ ఉండేది కాదు.

అప్పుడే సైదులు చేతిలోని ఫోన్ మోగింది. కోదాడ శ్రీను వాయిస్ మెసేజ్. ఈయన దాన్ని లౌడ్ స్పీకర్‌లో పెట్టాడు.

"ఏవండీ, సుజాతక్క గారా? మేడం గారికి మేం చెప్పేంతటి వాళ్లమా అండీ! ఇందాక నేను పంపిన మెసేజ్ మేడం గారిదే కదండీ. నిరుడు సూర్యాపేట గ్రూపులో పెట్టారట, అది చేతులు మారి మా దాకా వచ్చింది. అప్పట్నుంచీ దాచుకున్నానండి. మా వాళ్లందరికీ అదే పంపుతుంటాను. మేడం గారు ఉండగా డ్రోన్‌కి ఏం కాదులెండి, ధైర్యంగా ఉండండి."

అందరూ నా వైపు తిరిగారు. గుర్తొచ్చింది. వంటింట్లో బెండకాయలు తరుగుతూ, గ్రూపులో ఎవరో అడిగిన కంపాస్ ప్రశ్నకి ఎవరూ జవాబు ఇవ్వడం లేదని చూసి, నా బుర్రలోంచే తీసి రాశాను. 'భూమి లాగుతుంది' అన్నప్పుడు నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా. 'సీనియర్ పైలట్' అని చివర తగిలించింది మాత్రం నేను కాదు, దారిలో ఎవరో పుణ్యాత్ములు. ఇనుము పక్కన దిక్కులు నేర్పిస్తే, దూరం పోగానే డ్రోన్ దిక్కు తప్పుతుందట. ట్రాక్టర్‌కి కాస్త దూరంగా తీసుకుపోయి సరిచేసి ఉంటే చాలట. అది ట్రైనింగ్‌లో చెప్పిన మాటే. ఏసీ నిద్రలో సగం విని, ఇంటికొచ్చి సైదులుకి చెప్పి, నేనే మరిచిపోయాను.

అండాలక్క కొంగు పిండుకుని నా ముందుకొచ్చింది. తిడితే బాగుండేది. తిట్టలేదు. "అది బాగై వచ్చేదాక పొలాలు ఆగుతయా? పంపు ఏసుకో, పైలటమ్మా" అంది.

వెంకటయ్య మామ మందు కొట్టే చేతిపంపు తెచ్చి నా వీపుకి తగిలించాడు. ఆ మధ్యాహ్నం నుంచి మోకాలి లోతు బురదలో నేను ముందు, ఇంకో పంపుతో సైదులు వెనక, మొదలు మొదలుకీ మందు కొట్టాం. వరి బతికింది. డ్రోన్ బాగై వచ్చేదాకా సంఘం ఒప్పుకున్న పొలాలన్నీ నా వీపు మీదే నడిచాయి. పిల్లలు గట్ల మీద నిలబడి "పైలట్ వస్తున్నది, పైలట్ వస్తున్నది" అని అరిచేవాళ్లు. ఆ తర్వాత మళ్లీ నాకే రిమోట్ ఇచ్చారు, కానీ ముందు రోజూ బడి గ్రౌండులో అండాలక్క ఎదుట చేత్తో నడిపి, దించి చూపించాకే. ఇప్పుడు నడపడం వచ్చు. వచ్చని ఎక్కడా రాయను.

ఇంతటితో అయిపోయిందనుకున్నాను. మొన్న మిర్యాలగూడ వాళ్ల కొత్త గ్రూపులో అదే మెసేజ్ మళ్లీ వచ్చింది. అదే భూమి, అదే తూర్పు, అదే ట్రాలీ. కింద ఒక కొత్త వాక్యం చేరింది. "పెన్‌పహాడ్ దగ్గర ఒక మేడం స్వయంగా చేసి చూశారు. ఎర్రర్ వెంటనే పోయింది."

ఒళ్లు మండిపోయి వెంటనే రాశాను. "ఇది పూర్తిగా తప్పు. ఇనుము దగ్గర పెట్టకండి. డ్రోన్ పడిపోతుంది."

నిమిషంలో ఎవరో కుర్ర పైలట్ జవాబు వచ్చింది. "మేడం, అనుభవం లేనోళ్లు సలహాలు ఇయ్యొద్దు. సీనియర్లు చెప్తున్నరు గద." దాని కింద చేతులు జోడించిన బొమ్మలు వరసగా పడ్డాయి.

అందుకే వెంకటయ్య మామ మడి బురద మీద ఒట్టేసి, ఆరు విరిగిన రెక్కల సాక్షిగా, అండాలక్క తడిసిన ఇస్త్రీ చీర సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. బతికున్నంత కాలం తెలియని దాని గురించి ఏ గ్రూపులోనూ ఒక్క సలహా ఇవ్వను. మీరు కూడా ఇవ్వకండి. అనుభవంతో చెప్తున్నా.